రాకెట్ లేచిందని టైమర్‌కి తెలియాలంటే: లాంచ్ స్విచ్ వైరింగ్ మొదటి నుంచి చివరి దాకా

వాటర్ రాకెట్ పైకి పోయి పారాచూట్ తెరుచుకోకుండా ముక్కు మీద పడిందంటే, అందరూ ముందు పారాచూట్ మడతను అనుమానిస్తారు, ఆ తర్వాత దాని తలుపు తెరిచే చిన్న మోటారును, అంటే సర్వోను. చాలాసార్లు ఆ రెండింటి తప్పూ ఉండదు. రాకెట్ నేల విడిచిందన్న కబురే టైమర్ బోర్డుకు చేరి ఉండదు. కబురు అందని బోర్డు లెక్కపెట్టడం మొదలుపెట్టదు, సర్వో కదలదు.

ఆ కబురు మోసేది ఒక స్విచ్చు, రెండు వైర్లు. ఖర్చు చూస్తే రాకెట్ మొత్తంలో అన్నిటికంటే చవకైన భాగం. జాగ్రత్త మాత్రం అన్నిటికంటే ఎక్కువ పెట్టాల్సింది దాని మీదే.

ఇక్కడ చెప్పేదంతా వాటర్ రాకెట్ కోసం: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపుతో గాలి, పారాచూట్ తలుపు తెరవడానికి చిన్న సర్వో. మందుగుండుతో పారాచూట్ తెరిచే పద్ధతి జోలికి పోవడం లేదు. మన దగ్గర అది 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం, 2008 నాటి నియమాల కిందికి వచ్చే విషయం. పైగా కింద చెప్పే స్విచ్చు కలిపే తీరు సర్వోకే సరిపోతుంది. మందుగుండు ఉన్నచోట ఇదే వైరింగ్ ప్రమాదం. ఎందుకో ముందుకు పోయేకొద్దీ మీకే అర్థమవుతుంది.

ఏ స్విచ్చు?

లాంచ్‌ను పసిగట్టే దారులు చాలానే ఉన్నాయి. స్ప్రింగుకు బరువు కట్టిన జీ-స్విచ్, త్వరణం కొలిచే యాక్సిలరోమీటర్ చిప్పు, నేలకు కట్టిన సన్న తీగ తెగిపోవడం, దారంతో ఊడి వచ్చే పిన్ను. స్కూలు పిల్లలు ఎక్కువగా తెచ్చేది వీటిలో ఏదీ కాదు, కిట్లలో వచ్చే వైబ్రేషన్ సెన్సార్ లేదా లోపల గోళీ దొర్లే టిల్ట్ స్విచ్. ఆ రెండూ వద్దు. పంపు కొట్టేటప్పుడు వచ్చే కుదుపుకే అవి మోగిపోతాయి.

జీ-స్విచ్ మంచిదే కానీ వాటర్ రాకెట్‌కు కుదరదు. నాలుగు బార్ల పీడనం దగ్గర, అంటే సుమారు 60 పీఎస్ఐ దగ్గర, బాటిల్ మూతి నుంచి నీళ్లన్నీ బయటికి చిమ్మడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ కాసేపట్లో రాకెట్ మీద 30 జీ నుంచి 50 జీ దాకా (భూమి ఆకర్షణకు 30 నుంచి 50 రెట్లు) త్వరణం పడి వెంటనే ఆగిపోతుంది. ఆ తర్వాత గాలి రాపిడికి వేగం తగ్గుతుంటే లోపలి బరువు ఎదురు దిక్కుకు, అంటే ముక్కు వైపు, తన్నుతుంది. అంత పొట్టి సంకేతాన్ని చేతి కుదుపు నుంచి వేరు చేసి గుర్తించడం కష్టం. యాక్సిలరోమీటర్‌తో చేయవచ్చు, కానీ దానికి ప్రోగ్రాం నమ్మకంగా రాసి పరీక్షించే ఓపిక కావాలి.

పిన్ను పద్ధతిలో ఊహకు తావు లేదు. రాకెట్ కొన్ని సెంటీమీటర్లు లేచిందా, పిన్ను ఊడిందా, అంతే. పెద్ద రాకెట్లలో కూడా నేల నుంచి వచ్చే కేబుల్ కనెక్టర్ ఊడిపోవడాన్ని లిఫ్టాఫ్‌కు గుర్తుగా తీసుకునే పద్ధతి ఉంది. నా ఓటు పిన్నుకే.

తెగే తీగ రెండో స్థానంలో వస్తుంది. మన ఊళ్లలో మోటారు వైండింగ్ షాపు లేని మండలం ఉండదు. సీలింగ్ ఫ్యానుకు చుట్టే సన్న రాగి తీగ నాలుగు మూరలు అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. 38 గేజి తీగ మందం 0.15 మిల్లీమీటర్లు, అర కిలో లోపు బరువుకే తెగుతుంది. అయితే ప్రతి లాంచ్‌కూ కొత్త తీగ కట్టాలి, కొసల మీది ఇనామిల్ పూతను బ్లేడుతో గీకాలి. గీకింది సరిగ్గా లేకపోతే కాంటాక్టు రాదు. ఒక రోజులో పది లాంచ్‌లు చేయాలనుకుంటే విసుగొస్తుంది.

కావాల్సినవి

లివర్ ఉన్న మైక్రోస్విచ్ ఒకటి. షాపులో లిమిట్ స్విచ్ అని అడిగినా ఇస్తారు, రెండు సెంటీమీటర్ల పొడవుండే చిన్న రకం తీసుకోండి. టైమర్‌గా పనిచేయడానికి ఆర్డ్యునో నానో లాంటి బోర్డు, ఎస్‌జీ90 సర్వో, చిన్న బజర్. 4.7 కిలో ఓముల రెసిస్టర్, 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. 470, 220 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఒక్కోటి. 1ఎన్5819 డయోడు. ఒక సెల్లు లిథియం పాలిమర్ బ్యాటరీ, దాని నుంచి ఐదు వోల్టులు తీసి ఒక ఆంపియర్ దాకా ఇవ్వగల బూస్ట్ మాడ్యూల్. పాత ఏటీఎం కార్డు ఒకటి, సాగని గట్టి దారం కొంత. హన్మకొండలో దొరకనివి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తప్పకుండా దొరుకుతాయి.

తొమ్మిది వోల్టుల చదరం బ్యాటరీ మాత్రం పెట్టకండి. బరువు ఎక్కువ, సర్వో ఒక్కసారి గుంజిందంటే దాని వోల్టేజి కూలిపోతుంది.

వైరు తెగితే ఏం కావాలి?

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తేల్చుకోండి. మైక్రోస్విచ్‌కు మూడు కాళ్లుంటాయి: కామన్, ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్), ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్). లివర్ నొక్కి ఉన్నంతసేపు కామన్ ఎన్‌ఓతో కలిసి ఉంటుంది, వదిలితే ఎన్‌సీతో కలుస్తుంది. మన పిన్ను లోపల ఉన్నప్పుడు లివర్‌ను నొక్కి పెడుతుంది, ఊడితే వదిలేస్తుంది. కాబట్టి కలపడానికి రెండు దారులు.

మొదటి దారి: కామన్, ఎన్‌సీ వాడటం. రాకెట్ లాంచ్ ప్యాడ్ మీద ఉన్నంతసేపు సర్క్యూట్ తెరిచి ఉంటుంది, లేవగానే మూసుకుంటుంది. ఇందులో వైరు ఎక్కడో తెగిందనుకోండి. ప్యాడ్ మీద అంతా మామూలుగానే కనిపిస్తుంది. రాకెట్ లేస్తుంది, సర్క్యూట్ మూసుకోదు, బోర్డుకు ఏమీ తెలియదు. ముప్పై మీటర్ల పైనుంచి రాకెట్ నేరుగా కిందికొస్తుంది.

రెండో దారి: కామన్, ఎన్‌ఓ వాడటం. ప్యాడ్ మీద సర్క్యూట్ మూసి ఉంటుంది, లేవగానే తెరుచుకుంటుంది. ఇందులో వైరు తెగితే రాకెట్ లేచినట్టే బోర్డు అనుకుంటుంది. అంటే ప్యాడ్ మీదే పారాచూట్ తలుపు తెరుచుకుంటుంది. ఎవరికీ దెబ్బ తగలదు, తప్పు కళ్ల ముందే బయటపడుతుంది.

సర్వో ఉన్న రాకెట్‌కు రెండో దారే సరైనది. స్విచ్చులో ఏ లోపం వచ్చినా అది నేల మీదే తెలియాలి, గాలిలో కాదు. అదే సర్వో స్థానంలో మందుగుండు ఉంటే, తెగిన వైరు చేతిలోనే పేలుడు తెస్తుంది. అందుకే ఈ వైరింగ్‌ను అక్కడికి తీసుకుపోవద్దని ముందే చెప్పాను.

వైరింగ్

కామన్ కాలును బోర్డు గ్రౌండుకు కలపండి. ఎన్‌ఓ కాలును బోర్డు మీద డీ2 అని రాసి ఉన్న పిన్నుకు. ఎన్‌సీ కాలును కత్తిరించేయండి, పొరపాటున దేనికీ తగలదు. 4.7 కిలో ఓముల రెసిస్టర్‌ను డీ2 నుంచి బోర్డు ఐదు వోల్టులకు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను డీ2 నుంచి గ్రౌండుకు పెట్టండి. ఈ రెండూ స్విచ్చు దగ్గర కాదు, బోర్డు దగ్గర ఉండాలి.

ఆర్డ్యునో లోపలే పుల్-అప్ (స్విచ్చు తెరిచినప్పుడు డీ2ను ఐదు వోల్టుల వైపు లాగే రెసిస్టర్) ఉంది కదా, బయట రెసిస్టర్ ఎందుకు అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. లోపలి పుల్-అప్ 20 నుంచి 50 కిలో ఓముల మధ్య ఎంతైనా ఉండవచ్చు. మన రాకెట్ తడిసే రాకెట్. స్విచ్చు మీద నల్లా నీళ్ల చుక్క పడి తెరిచిన కాంటాక్టుల మధ్య నిలిచిందనుకోండి, దాని నిరోధం 20 కిలో ఓములు అనుకుందాం. లోపలి పుల్-అప్ 50 కిలో ఓములైతే డీ2 దగ్గర వోల్టేజి 1.4 దాకానే వస్తుంది. బోర్డు దాన్ని ఇంకా మూసి ఉన్న స్విచ్చుగానే చదువుతుంది, పిన్ను ఊడినా ఊడనట్టే. అదే 4.7 కిలో ఓములైతే వోల్టేజి నాలుగు దాటుతుంది, బోర్డుకు స్పష్టంగా తెలుస్తుంది. ఇంత చిన్న రెసిస్టర్ ఒక పారాచూట్‌ను కాపాడుతుంది. దాన్ని మానేయకండి.

స్విచ్చుకు పోయే రెండు వైర్లను ఒకదానికొకటి పురి వేయండి, సర్వో వైర్లకు దూరంగా నడిపించండి. పలుచటి పోగులున్న వైరు వాడండి, ఒంటి తీగ వైరు కుదుపులకు సోల్డరు దగ్గర విరిగిపోతుంది. సోల్డరు చేశాక ప్రతి కాలు మీద హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే సన్న గొట్టం) తొడిగి, కాస్త గ్లూగన్ జిగురు వేసి వైరును స్విచ్చు ఒంటికి అతికించండి. గుంజుడంతా జిగురు మీద పడాలి, సోల్డరు మీద కాదు. బ్రెడ్‌బోర్డు, గుచ్చే జంపర్ వైర్లు బల్ల మీద పరీక్షలకే పనికొస్తాయి. 50 జీ దగ్గర అవి ఊడతాయి.

సర్వోకు గోధుమరంగు వైరు గ్రౌండు, ఎరుపు ఐదు వోల్టులు, నారింజ సిగ్నల్. నారింజను డీ9కి, బజర్‌ను డీ8కి ఇవ్వండి. ఎరుపు వైరును బూస్ట్ మాడ్యూల్‌కు నేరుగా కలపండి, నానో బోర్డు గుండా తీసుకురావద్దు. 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ సర్వో పక్కనే ఉండాలి. బూస్ట్ నుంచి నానో ఐదు వోల్టుల పిన్నుకు వచ్చే దారిలో డయోడు పెట్టి, డయోడు దాటాక 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. సర్వో ఒక్కసారి గుంజినా, బ్యాటరీ కనెక్టర్ కొన్ని మిల్లీసెకన్లు వదులైనా, ఆ కెపాసిటర్‌లో దాచిన కరెంటుతో బోర్డు నిలబడుతుంది. పుల్-అప్ రెసిస్టర్ పై కొస కూడా డయోడు దాటిన వైపే కలపాలి.

గాలిలో బోర్డు రీసెట్ అయితే ఏమవుతుందో ఆలోచించండి. అది కొత్తగా లేస్తుంది, పిన్ను లేదని చూస్తుంది, ఇంకా పిన్ను పెట్టలేదేమో అనుకుని ఊరుకుంటుంది. పారాచూట్ తెరవదు. స్ప్రింగు ఉండే సెల్లుల పెట్టె వద్దనేది అందుకే, లాంచ్ దెబ్బకు సెల్లు స్ప్రింగును అణిచి కాంటాక్టు వదిలేస్తుంది. బ్యాటరీ కింద గట్టి ఆధారం ఉంచండి. రాకెట్ పైకి పోయేటప్పుడు బరువులన్నీ కిందికే తోస్తాయి.

పిన్ను, లివర్

వైరింగ్ ఎంత బాగున్నా పిన్ను ఇరుక్కుంటే అంతా వృథా. సగం మంది చేసే తప్పు స్విచ్చును అడ్డంగా పెట్టి పిన్నును పక్క నుంచి గుచ్చడం. దారం కిందికి లాగుతుంది, పిన్ను పక్కకు రావాలి, అలాంటప్పుడు అది రంధ్రం అంచుకు పట్టేస్తుంది. పిన్ను నిలువుగా, కింది నుంచి పైకి దూరాలి. అప్పుడు దారం లాగే దిక్కు, పిన్ను వచ్చే దిక్కు ఒక్కటే అవుతాయి.

స్విచ్చును కూడా నిలువుగా అతికించండి. లివర్ కీలు కింద, కొస పైన. లివర్ ఎదురుగా ఒక పలుచటి ప్లాస్టిక్ గోడ పెట్టండి. పాత ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, ఐదారు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు రెండు కోసి అతికిస్తే ఒకటిన్నర మిల్లీమీటర్ల పిన్ను తయారవుతుంది. పిన్ను పై కొసను కాస్త గుండ్రంగా అరగదీయండి. కీలు వైపు సందు వెడల్పుగా ఉంటుంది కాబట్టి పిన్ను కింది నుంచి నెమ్మదిగా దూరి, పైకి పోయేకొద్దీ లివర్‌ను స్విచ్చు వైపు నెట్టుతుంది. ఒక చోట టక్‌మని సన్నటి చప్పుడు వస్తుంది. అక్కడితో ఆపకండి. ఆ చప్పుడు తర్వాత కూడా లివర్ ఇంకొంచెం లోపలికి కదిలేలా ఎదురు గోడను జరపండి. అంచు మీద నిలిచిన లివర్ పంపు కుదుపులకే వదిలేస్తుంది.

ఇలా పెడితే లివర్ కదలిక రాకెట్ గమనానికి అడ్డ దిక్కులో ఉంటుంది. లివర్ బరువు అర గ్రాము అనుకున్నా 40 జీ దగ్గర అది 20 గ్రాముల బలంగా తోస్తుంది. నిలువు దిక్కులో కదిలే లివరైతే ఆ బలానికి దానంతటదే నొక్కుకోవచ్చు, వదులు కావచ్చు.

పిన్ను ఎంత బిగువుగా ఉండాలి? రాకెట్ ముక్కు భాగాన్ని నిలువుగా పట్టుకొని, పిన్ను దారానికి చిన్న క్యారీబ్యాగ్ కట్టి అందులో కొలత ప్రకారం నీళ్లు పోయండి. 50 మిల్లీలీటర్లకు ఊడిపోతే వదులు ఎక్కువ. 200 దాటినా ఊడకపోతే బిగువు ఎక్కువ, లేచేటప్పుడు రాకెట్‌ను పక్కకు గుంజుతుంది. పిన్నుకు కొంచెం కొవ్వొత్తి మైనం రాస్తే సాఫీగా జారుతుంది.

దారం సాగకూడదు. రబ్బరు, సాగే నైలాన్ పనికిరావు, గట్టి సుతిలి బాగుంటుంది. ఒక కొస లాంచర్ చెక్కకు కట్టండి, మూడు నాలుగు సెంటీమీటర్లు వదులు ఉంచండి. గాలి ఎక్కించేకొద్దీ బాటిల్ కాస్త ఉబ్బుతుంది, పంపు కుదుపుకు ఊగుతుంది. ఆ వదులు వాటికి. దారం రాకెట్ రెక్కలకు చుట్టుకోకుండా రెండు రెక్కల నడుమ నుంచి దిగాలి.

నీళ్ల జల్లు కింది నుంచే వస్తుంది, పిన్ను రంధ్రమూ కిందికే చూస్తుంది. కాబట్టి ఎలక్ట్రానిక్స్ గది వీలైనంత పైన, ముక్కు దగ్గర ఉండాలి. బోర్డు సోల్డరు వైపు పారదర్శకమైన నెయిల్‌పాలిష్ పూయండి, యూఎస్‌బీ కనెక్టర్ మీద మాత్రం పడనీయకండి.

ప్రోగ్రాం ఎలా ఆలోచించాలి

"సార్, పిన్ను ఊడితే టైమర్ మొదలు, అంతే కదా?" అని అడిగే పిల్లవాడికి అవునని చెప్పి పంపేయవద్దు. బోర్డు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు దశలు దాటాలి.

కరెంటు రాగానే సర్వో లాక్ స్థానంలో ఉండాలి. పిన్ను లేకపోతే బజర్ గబగబా మోగుతుంది, బోర్డు అక్కడే ఆగుతుంది, తలుపు తెరవదు. పిన్ను వరసగా మూడు సెకన్లు ఉన్నట్టు కనిపిస్తేనే రెండో దశ: సిద్ధం. ఇప్పుడు బజర్ రెండు సెకన్లకోసారి చిన్నగా మోగాలి. మూడో దశ: స్విచ్చు 30 మిల్లీసెకన్ల పాటు విడవకుండా తెరిచి ఉంటే లాంచ్ అయినట్టు. మధ్యలో ఒక్కసారి మూసుకున్నా లెక్క మళ్లీ సున్నా నుంచే. కాంటాక్టు అదురు, సర్వో రొద ఇక్కడ వడపోతలో పోతాయి. 30 మిల్లీసెకన్ల ఆలస్యం రెండు సెకన్ల ప్రయాణంలో లెక్కలోకి రాదు.

లాంచ్ అని ఒకసారి నిర్ణయించాక బోర్డు మళ్లీ స్విచ్చు ముఖం చూడకూడదు. ఆ తర్వాత లివర్ ఎటు కదిలినా, నీళ్లు పడినా అనవసరం. సమయం కాగానే సర్వో తిరుగుతుంది. నాలుగో దశలో బజర్ ఆగకుండా మోగాలి. పత్తి చేనులో, మొక్కజొన్న చేనులో పడ్డ రాకెట్‌ను వెతికేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఎన్ని సెకన్లు పెట్టాలి? పైన చెప్పిన బాటిల్‌కు, పీడనానికి మొదటిసారి రెండు సెకన్లు పెట్టండి. ఫోనులో వీడియో తీసి, లేచిన ఫ్రేము నుంచి రాకెట్ వాలడం మొదలైన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. సెకనుకు ముప్పై ఫ్రేములైతే 75 ఫ్రేములు అంటే రెండున్నర సెకన్లు. శిఖరానికి అర సెకను అటూ ఇటూ అయినా రాకెట్ వేగం సెకనుకు ఐదు మీటర్ల దగ్గరే ఉంటుంది, పారాచూట్ తట్టుకుంటుంది. ఒకటిన్నర సెకన్లు ఆలస్యమైతే మాత్రం అప్పటికే పదకొండు మీటర్లు పడిపోయి, సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో ఉంటుంది.

బల్ల మీద పరీక్ష

కరెంటు ఇవ్వకముందు మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి స్విచ్చు వైర్లు చూడండి: పిన్ను ఉంటే మోగాలి, తీస్తే ఆగాలి. కరెంటు ఇచ్చాక డీ2 దగ్గర వోల్టేజి పిన్ను ఉన్నప్పుడు సున్నా, తీస్తే ఐదుకు దగ్గర. డయోడు వల్ల 4.7 చూపినా ఫరవాలేదు. రెండు, మూడు వోల్టుల దగ్గర ఊగితే ఎక్కడో సోల్డరు వదులుగా ఉంది.

తర్వాత పిన్ను పెట్టి ముక్కు భాగాన్ని చేత్తో గట్టిగా ఊపండి, అరచేతితో తట్టండి. బజర్ చప్పుడు మారకూడదు. స్విచ్చు వైరు ఒకటి కావాలనే ఊడదీయండి: తలుపు తెరుచుకోవాలి. తెరుచుకుందంటే రెండో దారి సరిగ్గా కలిపినట్టే. చివరగా స్విచ్చు మీద నాలుగు చుక్కల నల్లా నీళ్లు వేసి, పిన్ను లాగి చూడండి. ఈ తడి పరీక్షను చాలామంది చేయరు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

మైదానంలో

పొద్దున్నే, గాలి లేవకముందు చేయండి. వరి కోత అయిన పొలమైనా, ఖాళీ చెల్క అయినా సరే, కరెంటు తీగలు, రోడ్డు దగ్గర ఉండకూడదు. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు పరిసరాలకు దూరంగా ఉండండి. మే నెలలో రామగుండం, భూపాలపల్లి వైపు ఎండ 45 డిగ్రీలకు పోయే రోజుల్లో బాటిల్‌ను, బ్యాటరీని బండి డిక్కీలో వదలకండి. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పీడనాన్ని ఓర్చుకోదు. మామూలు తాగునీళ్ల బాటిల్ అసలే వద్దు, గ్యాసు ఉన్న కూల్‌డ్రింక్ బాటిలే వాడాలి. గీతలు, మడత పడ్డది పక్కన పెట్టేయండి.

వరస తప్పవద్దు. పిన్ను పెట్టండి, కరెంటు ఆన్ చేయండి, నెమ్మదిగా మోగే బజర్ వినండి. నీళ్లు పోసి లాంచర్ మీద బిగించండి. అప్పుడు దారం చెక్కకు కట్టండి. అందరూ పది మీటర్లు వెనక్కి వెళ్లాకే పంపు, కళ్లద్దాలు పెట్టుకునే. గాలి ఎక్కాక రాకెట్ మీదికి ఎవరూ వంగకూడదు, పిల్లలతో పైలం.

ఆపాల్సి వస్తే ముందు దూరం నుంచే గాలి వదలండి, తర్వాత కరెంటు ఆపండి, దారం చివరన విప్పండి. దారం ముందు విప్పబోయి పిన్ను ఊడితే, తలుపు మీ ముఖం ముందే తెరుచుకుంటుంది.

దిగిన రాకెట్ గది విప్పి స్విచ్చును బట్టతో తుడిచి నీడన ఆరనివ్వండి. తర్వాతి లాంచ్‌కు ముందు పిన్ను పెట్టి, కరెంటు ఆపి, కాంటాక్టు నిరోధం కొలవండి. మీటరు ప్రోబులు కలిపినప్పుడు చూపే అంకె కంటే ఒకటి రెండు ఓములు ఎక్కువ చూపుతున్నా, అంకె నిలకడగా లేకున్నా ఆ స్విచ్చు మార్చేయండి.